వాదాత్మక వ్యాసానికి బలం ఎక్కడి నుంచి వస్తుంది?

భీమవరం దగ్గరి ఒక గ్రామం నుంచి డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "వరి పొలాలను చేపల, రొయ్యల చెరువులుగా మార్చడాన్ని నియంత్రించాలా?" అనే అంశం మీద కళాశాలలో వాదాత్మక వ్యాసం రాయమన్నారట. ఆయన ఎనిమిది పేజీలు రాసి ఇస్తే, "సమాచారం ఉంది, వాదన లేదు" అనే ఒక్క వాక్యం రాసి అధ్యాపకులు తిరిగి ఇచ్చారట. ఇంత సమాచారం ఇచ్చాక కూడా వాదన లేదనడంలో అర్థమేమిటి, బలమైన వ్యాసం ఎలా ఉంటుంది అని అడుగుతున్నారు. గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలల్లో చాలాకాలం తెలుగు బోధించి, తరగతి వ్యాసాలతో పాటు పోటీ వ్యాసాలు కూడా విస్తారంగా దిద్దినవాణ్ణి కనుక, నా అనుభవంలో తేలిన మాటలు చెబుతాను.

ముందుగా సూటి సమాధానం. వివేకం గల మనిషి ఒకరు నిజాయితీగా కాదనడానికి వీలున్న ఒక పరిమితమైన ప్రతిపాదన చేసి, ఆ మనిషి చెప్పగల అన్నిటికంటే గట్టి అభ్యంతరాన్ని పూర్తిగా విన్న తరువాత కూడా ఆ ప్రతిపాదన ఎందుకు నిలుస్తుందో, ఆయన సైతం ఒప్పుకునే ఆధారాలతో చూపించే వ్యాసమే బలమైన వాదాత్మక వ్యాసం. భాష, నిడివి, గణాంకాలు, సూక్తులు అన్నీ దీని తరువాతే వస్తాయి. ఇది లేనప్పుడు అవెన్ని ఉన్నా మీ అధ్యాపకులు రాసిన వాక్యమే మళ్లీ రాయవలసి వస్తుంది.

మీ వ్యాసం నేను చూడలేదు. అయితే ఇదే అంశం మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. మొదటి పేజీలో డెల్టా వర్ణన, ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర. రెండో పేజీలో వరి గొప్పతనం. ఆ తరువాత ఆక్వా వల్ల లాభాలు. ఆ వెంటనే నష్టాలు. చివరకు "కాబట్టి ప్రభుత్వం, రైతులు, ప్రజలు కలిసి ఆలోచించి సమతుల్యం పాటించాలి" అనే ముగింపు. ఈ చివరి మాటను కాదనే మనిషి పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక్కరైనా ఉంటారా? చెరువు తవ్విన రైతూ ఒప్పుకుంటాడు, పక్క మడి రైతూ ఒప్పుకుంటాడు. ఎవరూ కాదనని మాటకు రుజువు అవసరం లేదు. రుజువు అవసరం లేని చోట వాదనకు చోటు లేదు. మీ అధ్యాపకులు చెప్పిన లోపం ఇదే అయి ఉంటుందని నా ఊహ.

ప్రతిపాదనను కుదించండి. "చెరువులను నియంత్రించాలి" అన్నది ఇంకా ప్రతిపాదన కాలేదు. ఏ చెరువులు, ఎక్కడ, ఎవరు, ఎందుకు నియంత్రించాలో తేలే వరకు అది ఒక అభిప్రాయం మాత్రమే. శీలావతి, బొచ్చె పెంచే మంచినీటి చెరువు వేరు. బోరు వేసి ఉప్పునీరు తోడి వనామీ రొయ్య పెంచే చెరువు వేరు. మొదటిదాని ఊట పక్క మడిని తడి ఆరనివ్వక ఉరకెత్తిస్తుంది. రెండోదాని ఊట పక్క మడికి ఉప్పును చేరుస్తుంది. ఈ రెండింటినీ "చెరువులు" అనే ఒక్క మాట కిందకు తెచ్చి వాదిస్తే, మీరు చూపే ప్రతి ఆధారమూ సగం చెరువులకే వర్తిస్తుంది. అలాగే సముద్రతీరపు ఇసుక నేల, ఉప్పుటేటి పక్క భూమి, యనమదుర్రు వంటి మురుగు కాలువను ఆనుకున్న పల్లం, పంట కాలువ కింద ఏటా సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ పండే మెరక, ఇవన్నీ ఒకే రకమైన భూములు కావు.

కాబట్టి ఇటువంటి వాక్యం ఒకటి రాసి చూడండి: "పంట కాలువ కింద రెండు పంటలు పండే వరి ఆయకట్టు మధ్యలో, చుట్టూ ఉన్న కమతాల రైతుల లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఉప్పునీటి రొయ్యల చెరువుకు అనుమతి ఇవ్వకూడదు, ఎందుకంటే ఊట వల్ల కలిగే నష్టం చెరువు యజమాని ఖర్చుల లెక్కలోకి రాకుండా పక్క రైతు మీద పడుతుంది." మీరు దీనినే వాడుకోవాలని నా ఉద్దేశం కాదు. ఇందులో ఏమున్నదో గమనించండి. దీనిని కాదనగల మనిషి ఉన్నాడు. ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో తెలుస్తుంది. "ఎందుకంటే" తరువాత ఒకే ఒక్క కారణం ఉంది కనుక వ్యాసమంతా ఆ కారణాన్ని నిలబెట్టడానికి సరిపోతుంది. తొమ్మిది కారణాలు చెప్పి ఒక్కొక్కదానికి నాలుగు వాక్యాలు కేటాయించే వ్యాసం కంటే, ఒక్క కారణాన్ని అడుగంటా తవ్విన వ్యాసానికే నేను ఎప్పుడూ ఎక్కువ మార్కులు వేశాను.

ఇక ఆధారం సంగతి. విద్యార్థులు ఆధారం దొరకగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది, ఎందుకంటే ఆధారానికీ ప్రతిపాదనకూ నడుమ ఒక మెట్టు ఉంటుంది, చాలా వ్యాసాల్లో కనిపించనిది ఆ మెట్టే. మన తర్కశాస్త్రం చెప్పే పాత ఉదాహరణే చూడండి: కొండ మీద పొగ కనిపిస్తున్నది, కాబట్టి అక్కడ నిప్పు ఉన్నది. ఈ రెండింటినీ కలిపేది "పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది" అనే వ్యాప్తి. అది చెప్పకపోయినా కొండ విషయంలో నడుస్తుంది, అందరికీ తెలుసు కనుక. పొలం విషయంలో నడవదు.

దీనిని కొంచెం దగ్గరగా చూద్దాం. "చెరువు తవ్విన మరుసటి ఏడు పక్క మడిలో వరి ఎర్రబడి చనిపోయింది, కాబట్టి చెరువు ఊటే కారణం" అని ఒక విద్యార్థి రాశాడనుకుందాం. చదివే మనిషి వెంటనే ఏమంటాడు? అది కాలువ చివరి భూమి, ఆ ఏడు నీరు అందలేదేమో అంటాడు. పోటు సమయంలో మురుగు కాలువలో ఉప్పునీరు వెనక్కి తన్నిందేమో అంటాడు. జింకు లోపం వల్ల కూడా ఆకు ఎర్రబడుతుంది కదా అంటాడు. మూడూ న్యాయమైన అనుమానాలే. ఇప్పుడు ఆ విద్యార్థి చెరువు గట్టు పక్కన, మడి మధ్యలో, అవతలి గట్టు దగ్గర విడివిడిగా మట్టి నమూనాలు తీయించి భూసార పరీక్షకు పంపాడనుకోండి. మట్టిలోని లవణాన్ని విద్యుత్ వాహకతతో కొలుస్తారు. సంతృప్త మట్టి నుంచి తీసిన ద్రావణంలో అది మీటరుకు 4 డెసిసీమెన్లు దాటితే ఆ నేలను ఉప్పునేలగా లెక్కిస్తారు. వరి ఉప్పుకు తేలికగా దెబ్బతినే పైరు. అంతకు ముందే, 3 దాటిన దగ్గర నుంచే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. చెరువు గట్టు దగ్గర అంకె ఎక్కువగా ఉండి, దూరం పోయినకొద్దీ తగ్గుతూ వస్తే, ఉప్పు వచ్చిన దిక్కు తెలిసినట్లే. మడి అంతటా ఒకే అంకె వస్తే చెరువు మీద వేసిన నేరం నిలవదు, మురుగు కాలువ వైపో భూగర్భ జలం వైపో చూడాలి. లవణం తక్కువగానే ఉండి పైరు మాత్రం ఎర్రబడి ఉంటే జింకు సంగతి చూడాలి. ఆధారాన్ని ప్రతిపాదనకు కలిపే మెట్టు అంటే ఇదీ. మొదటి విద్యార్థి దగ్గర ఉన్నది ఒక సంఘటన. రెండో విద్యార్థి దగ్గర ఉన్నది, ఇతర కారణాలను పక్కకు తప్పించగల సంఘటన.

ప్రతి విద్యార్థీ మట్టి పరీక్ష చేయించాలని నేను అనడం లేదు. మీ ఆధారం ఇంకా ఏయే కారణాలతో పొసగుతుందో మీరే ముందు రాసుకుని, వాటిని ఎందుకు తోసిపుచ్చుతున్నారో వ్యాసంలో రెండు వాక్యాలైనా చెప్పాలని అంటున్నాను. ఈ అలవాటు లేనందువల్లనే "1852లో ఆనకట్ట పూర్తయింది, ఆ తరువాత డెల్టా సస్యశ్యామలమైంది" అనే రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి రుజువు అయిపోయినట్లు వదిలేస్తారు. ఆనకట్ట నీటిమట్టాన్ని పెంచింది. పొలానికి నీరు తెచ్చినవి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు. పొలంలో నిలిచిన నీటిని తీసుకుపోవలసినవి మురుగు కాలువలు. సార్వాలో పంట మునిగినప్పుడల్లా ఈ మూడో భాగం గుర్తుకు వస్తుంది. దీని మీద ఎవరైనా మంచి వ్యాసం రాస్తే చదవాలని నాకు ఎంతో కాలంగా ఉన్నది.

చట్టాలను, తీర్పులను ఉదహరించేటప్పుడు వాటి హద్దులు తప్పక చెప్పాలి. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పును, దేశంలో చెరువులన్నిటినీ నిషేధించినట్లుగా రాసిన వ్యాసాలు చాలా చూశాను. ఆ తీర్పు ప్రధానంగా తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జడ్) పరిధిలోని చెరువుల గురించినది. తరువాత 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, సముద్రం, నదులు, ఉప్పుటేళ్లు, బ్యాక్‌వాటర్ల పోటు గీత నుంచి 2 కిలోమీటర్ల లోపలి ప్రాంతానికి సంబంధించినది. కొల్లేరు విషయం మరీ వేరు: 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, 2006లో చెరువుల గట్లు కొట్టివేశారు. భీమవరం పక్కన కాలువ కింది వరిచేనుకు ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో ఒక్క పేరాలో విడదీసి చెప్పగలిగితే, మీరు విషయం చదివి రాస్తున్నారని దిద్దేవారికి వెంటనే తెలుస్తుంది. అంకెలకూ ఇదే నియమం. 2011–12లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఈ అంకె తనంతట తాను ఏమీ చెప్పదు. ఆ ఏడు ఎకరం సాగుకు కౌలుతో సహా ఎంత అయిందో, దిగుబడి ఎన్ని బస్తాలో, ఆ ధర రైతు చేతికి నిజంగా అందిందో లేదో దాని పక్కన ఉంటేనే అది మాట్లాడుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే విషయానికి వస్తున్నాను. ఎదుటి పక్షాన్ని చివరి పేరాలో పలకరించి పంపేయకండి. మీ ప్రతిపాదన రూపాన్ని మార్చనివ్వండి. చాలామంది విద్యార్థులు చివరికి ముందు పేరాలో "కొందరు ఆక్వా వల్ల ఆదాయం పెరుగుతుందని అంటారు, కానీ అది సరికాదు" అని రాసి పూర్వపక్షం ముగిసిందనుకుంటారు. ఆ "కొందరు" ఎవరు? వారిలో మీ పెదనాన్న ఉండవచ్చు, మీ తరగతిలో పక్క బెంచీ స్నేహితుడి తండ్రి ఉండవచ్చు. ఆ రైతు మాట ఆయన నోటితోనే విని రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

"నా భూమి పల్లం. మురుగు కాలువ పూడిపోయి ఏటా సార్వా మునుగుతున్నది. ఊడ్పులకు కూలీలు దొరకరు. 2011లో కోనసీమ రైతులు సాగు ఆపేసి పంట విరామం ప్రకటించారంటే సరదాకి ప్రకటించలేదు. ప్రభుత్వమే మోహన్ కందా కమిటీని వేయవలసి వచ్చింది. వరి మానేయడం తప్పు కాదు, వరితో బతకలేకపోవడం నా తప్పు కాదు. చెరువు వేశాక పిల్లలను చదివించుకున్నాను. రొయ్యల శుద్ధి ప్లాంట్లలో మా ఊరి ఆడవాళ్లకు పని దొరికింది. నా భూమిలో నేనేం చేసుకోవాలో చెప్పడానికి మీరెవరు?"

ఇది బలమైన మాట. దీనికి "కానీ పర్యావరణం దెబ్బతింటుంది" అనేది జవాబు కాదు. దీనిని నిజంగా వింటే మీరు చేయవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, ఒప్పుకోవలసినదాన్ని ఒప్పుకోవడం: పల్లపు భూమిలో సార్వా నిలవదన్నది నిజమైతే, మీ ప్రతిపాదన ఆ భూములను మినహాయించాలి. పైన నేను రాసిన వాక్యంలో "రెండు పంటలు పండే" అన్న మాట వచ్చింది ఈ రైతు అభ్యంతరం వల్లనే. అభ్యంతరం ముందు వచ్చింది, ప్రతిపాదన దానికి తగ్గట్టు సవరించుకున్నది. వ్యాసానికి గట్టిదనం అక్కడ వచ్చింది. రెండోది, ఆయన కూడా నమ్మే సూత్రం మీద నిలబడి మాట్లాడటం. "నా భూమి నా ఇష్టం" అనే ఈ రైతే, తెల్లమచ్చ వైరస్ సోకిన పక్క చెరువు నీటిని ఎవరైనా ఉమ్మడి కాలువలోకి వదిలితే ఊరుకోడు. ఎందుకంటే ఆ కాలువ నుంచే తాను నీరు తోడుకుంటాడు. అంటే, తన భూమిలో చేసే పని పక్కవాడి పంటను చంపకూడదనే సూత్రాన్ని ఆయన అప్పటికే ఒప్పుకున్నాడు. మీరు అడుగుతున్నది ఆ సూత్రాన్నే వరిమడి రైతు విషయంలో కూడా పాటించమని. ఇలా రాసినప్పుడు ఆ రైతు ఒప్పుకోకపోవచ్చు గాని, తన మాట వినలేదని మాత్రం అనలేడు.

ఈ పద్ధతికి మన గోదావరి గట్టునే గొప్ప ఉదాహరణ ఉన్నది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహం కోసం వాదించే నాటికి 1856 నాటి చట్టం ఉండనే ఉన్నది. చట్టం అనుమతిస్తున్నది కదా అని ఊరుకుంటే ఆయన ఎదుట ఉన్న పండితులను ఒక్కరినైనా కదిలించలేకపోయేవారు, ఎందుకంటే వారికి ప్రమాణం చట్టం కాదు, ధర్మశాస్త్రం. బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పరాశర స్మృతిని చేతబట్టి వాదించినట్లే, ఇక్కడ వీరేశలింగం కూడా శాస్త్ర ప్రమాణాలతోనే పండితులను ఎదుర్కొన్నారు. వితంతువుల దుఃఖాన్ని ఆయన మరువలేదు, దాచలేదు. అయితే ఎదుటివారు ఏ ప్రమాణాన్ని కాదనలేరో ఆ ప్రమాణం మీద నిలబడి మాట్లాడారు. 1881 డిసెంబరు 11న ఆ ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిగింది. ఒక్క వాదన వల్లనే జరిగిందని చెప్పడం సరికాదు, దాని వెనుక ధైర్యం, ధనం, మనుషుల అండ ఉన్నాయి. వ్యాసం రాసేవారు నేర్చుకోవలసినది ఉభయులకూ సమ్మతమైన ప్రమాణాన్ని వెతికి పట్టుకునే ఆ ఓపిక.

నా విద్యార్థిని ఒకామె రాసిన వ్యాసం చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఆమెది కోనసీమ, తండ్రి కౌలురైతు. పంట విరామం సమర్థనీయమా అన్నది అంశం. తరగతిలో అందరూ రైతుల పక్షమో ప్రభుత్వ పక్షమో వహించారు. ఆమె మాత్రం, విరామం ప్రకటించే స్తోమత భూమి ఉన్నవారికి ఉంటుందనీ, కౌలుకు చేసేవారికి ఆ ఏడు ఆదాయమే ఉండదనీ, కాబట్టి కౌలుదారులకు పరిహారం అడగని విరామం అసంపూర్ణమైన నిరసన అనీ వాదించింది. తన ఇంటి సంగతి రాయాలా వద్దా అని నన్ను అడిగింది. రాయమన్నాను, అయితే రుజువుగా కాదు, ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెప్పడానికి. ఆమె ఇంటి సంగతిని నాలుగు వాక్యాల్లో చెప్పి వదిలేసి, ఆ తరువాత భూయజమానుల మాటను ఎంతో గౌరవంగా, ఒక పేజీ నిండా రాసింది. ధర దక్కకుండా పండించి అప్పుల పాలయ్యేకంటే పండించకపోవడమే మేలన్న వారి లెక్కను ఆమె తప్పు పట్టలేదు. ఆ లెక్కలో కౌలుదారు పద్దు లేదని చూపింది. ఆ వ్యాసం చదివిన భూస్వామి కుటుంబపు కుర్రవాడు ఒకడు ఆమెతో అంగీకరించలేదు గాని, తన వ్యాసాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ రాసుకున్నాడు.

మిగిలినవి త్వరగా చెబుతాను. "మానవుడు పుట్టినది మొదలు" అని ఆరంభించకండి. మొదటి పేరా ముగిసేలోగా మీ ప్రతిపాదన కనబడాలి. సూక్తులు ఎదుటివారిని ఒప్పించవు, వాటికి కేటాయించిన చోటును అభ్యంతరానికి ఇవ్వండి. "అందరికీ తెలిసినదే", "నిస్సందేహంగా" అనే మాటలు కనిపించిన ప్రతిచోటా ఆగి చూడండి. రుజువు లేని చోటనే అవి ఎక్కువగా పుడతాయి. గ్రాంథికమా వ్యావహారికమా అని మీరు బెంగ పడనక్కరలేదు, వాక్యంలో ఎవరు ఏం చేశారో స్పష్టంగా ఉంటే చాలు. ఎదుటి పక్షాన్ని వెటకారం చేయకండి; వితండవాదానికి చప్పట్లు వస్తాయేమో గాని, తన పక్షం తాను స్థాపించనివాడికి వ్యాసం మిగలదు.

మీ ఎనిమిది పేజీలను పారేయనక్కరలేదు. ముందు వాటిని పక్కన పెట్టి, మీ ప్రతిపాదనను "ఎందుకంటే"తో సహా ఒక్క వాక్యంలో తెల్లకాగితం మీద రాయండి. దానిని పట్టుకుని మీ ఊళ్లో చెరువు ఉన్న రైతు దగ్గరకు ఒకసారి, దాని పక్క మడి రైతు దగ్గరకు ఒకసారి వెళ్లండి. వాదించకండి, "ఇది తప్పని మీరు ఎందుకంటారు?" అని మాత్రం అడిగి, చెప్పినది చెప్పినట్లు రాసుకోండి. తిరిగి వచ్చి వాక్యాన్ని సవరించండి. ఆ తరువాత పాత పేజీలు తీసి, ప్రతి పేరా పక్కన అది సవరించిన వాక్యానికి ఏ విధంగా పనికివస్తుందో పెన్సిలుతో రాయండి. ఏమీ రాయలేకపోయిన పేరాలను కొట్టివేయండి. నా అంచనా ప్రకారం మీకు మూడు పేజీలకు మించి మిగలవు. ఆ మూడు పేజీలతో, రైతులిద్దరూ చెప్పిన మాటలతో కొత్త వ్యాసం మొదలుపెట్టండి. సవరించిన వాక్యాన్ని ఇక్కడ పెడితే తప్పకుండా చూసి నా అభిప్రాయం చెబుతాను.